జాబితాకెక్కని ఇళ్లు

(వానాకాలం ఆరంభానికి ముందు తిరువూరులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

వరదల కాలంలో పట్టణ పేద కుటుంబాల స్థితిగతుల గురించి మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము ఇంజనీర్లము కాము, అధికారులము కాము. 2024 సెప్టెంబర్‌లో బెజవాడ సింగ్‌నగర్ ప్రాంతానికి అన్నం పొట్లాలతో, మంచినీళ్ల సీసాలతో వెళ్లి, తరువాత నాలుగైదు నెలల పాటు దరఖాస్తులు రాసిపెట్టడానికి మళ్లీ మళ్లీ వెళ్లిన కొద్దిమందిమి. మేము చూచినది, అక్కడ నేర్చుకున్నది మీ ముందు ఉంచుతాము. పొట్లాలు పంచిన రోజుల కంటే దరఖాస్తులు రాసిన రోజులే మాకు ఎక్కువ పాఠాలు నేర్పాయి కనుక ఆ భాగమే ఎక్కువగా చెబుతాము.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీలలో కురిసిన వాన గురించి తిరువూరు వారికి వర్ణించి చెప్పనవసరం లేదు. అయితే బెజవాడను ముంచినది కేవలం ఆకాశం నుంచి పడిన వాన కాదు. మనం ఇక్కడి నుంచి బెజవాడ బస్సెక్కితే మైలవరం మీదుగా వెళతాము కదా, ఆ మైలవరం చుట్టూ ఉన్న కొండల మీద పడిన నీరే బుడమేరు. అది వాగు, వేసవిలో చూస్తే మురుగుకాలువ అనుకుంటారు. 1964లో అది చేసిన విధ్వంసాన్ని చూచిన తరువాతే వెలగలేరు వద్ద రెగ్యులేటర్, అక్కడి నుంచి నీటిని ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపే మళ్లింపు కాలువ ఏర్పడ్డాయి. ఆ కాలువ మోయగలిగినది సుమారు 15 వేల క్యూసెక్కులు. 2005లోనూ బుడమేరు నగరాన్ని ముంచింది. బెజవాడ దుఃఖదాయని అని దానికి పేరు వచ్చినది ఊరికే కాదు.

2024లో కాలువ సామర్థ్యానికి రెట్టింపుకు మించిన నీరు వచ్చింది. వెలగలేరు వద్ద గేట్లు ఎత్తారు. మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీరు తన పాత దారి వెతుక్కుంది. ఆ దారి కొల్లేటికి పోయే దారి. ఆ దారిలోనే ఇప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, నందమూరి నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక ఉన్నాయి. మరోవైపు కృష్ణ కూడా నిండుగా ఉంది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. 1957లో ఆ బ్యారేజీ కట్టిన నాటి నుంచి అంత ప్రవాహం ఎన్నడూ లేదు. నది నిండి ఉంటే వాగు నీటిని అది తీసుకోదు. సైనిక ఇంజనీర్ల సహాయంతో ఆ గండ్లు పూడ్చేసరికి సెప్టెంబర్ 7 అయింది. ఆనాడు వినాయక చవితి.

ఆదివారం తెల్లవారుజామున జనం నిద్రలో ఉండగా నీరు వచ్చింది. ముందుగా ఎవరైనా చెప్పారా అని మేము కలిసిన ప్రతి కుటుంబాన్నీ అడిగాము. చెప్పారన్న కుటుంబం మాకు కనబడలేదు. మంచం మీద పడుకున్నవారికి వీపు తడిసి మెలకువ వచ్చింది. కింద పడుకున్నవారు పసిపిల్లలను ఎత్తుకుని మేడమెట్లు ఎక్కారు. ఒక్క ఎన్టీఆర్ జిల్లాలోనే 30 మందికి పైగా చనిపోయారు.

ఆ పేటలలో ఎవరుంటారు? సచార్ కమిటీ 2006 నవంబర్‌లో ఇచ్చిన నివేదికను మన పత్రికలన్నీ అప్పట్లో వేశాయి గాని, అందులో రెండు సంగతులను ఈ సందర్భంలో మళ్లీ గుర్తు చేయాలి. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ ప్రజలలో పట్టణవాసులు 27.8 శాతం అయితే, ముస్లింలలో 35.7 శాతం. పనిచేసే ముస్లింలలో నూటికి 61 మంది స్వయం ఉపాధి మీద బతికేవారు. అంటే నెల జీతం లేదు, యజమాని లేడు, సెలవు లేదు. చేతిలో పని ఉంటే పొయ్యి మీద కుండ ఉంటుంది. సింగ్‌నగర్ వీధులలో ఈ లెక్క మనుషుల రూపంలో కనిపిస్తుంది. ఆటో నడిపేవారు, తోపుడు బండి మీద పండ్లు అమ్మేవారు, పరుపులు కుట్టేవారు, పెళ్లిళ్లకు వంట చేసేవారు, మెకానిక్కులు, బట్టలు కుట్టే ఆడవారు. ముస్లింలు మాత్రమే కాదు, దళితులు, వెనుకబడిన కులాలవారు, శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చినవారు పక్కపక్క గదులలో ఉంటారు. వరద నీరు ఎవరి మతమూ అడగలేదు, ఇది అందరూ చెప్పే మాటే. కాని నేల అంతస్తులో ఉన్నవారెవరు, మేడ మీద ఉన్నవారెవరు అన్నది మాత్రం బాగా అడిగింది. అద్దె తక్కువ కనుక నేల అంతస్తులో, గల్లీ చివర ఉన్నవారే మునిగారు.

పేదవాని ఇల్లు మునిగితే ఇల్లు ఒక్కటే మునగదు. అదే అతని కార్ఖానా, అదే దుకాణం, అదే గోదాము. ఒక దూదేకుల కుటుంబం గురించి చెబుతాము. ముందు గదిలో దూది ఏకే యంత్రం, దాని మోటారు. వెనుక గదిలో పెళ్లిళ్ల సీజనుకు అప్పు తెచ్చి కొనిపెట్టిన దూది బేళ్లు. తడిసిన దూది ఎంత బరువెక్కుతుందో ఎత్తినవారికే తెలుసు. నీరు తీసిన తరువాత ముగ్గురం కలిసి ఒక్క బేలును గుమ్మం దాటించలేకపోయాము. బురద, డీజిలు, మురుగు పీల్చుకుని అది రాయిలా ఉంది. ఆ పెద్దాయన చివరికి కత్తి తెచ్చి, ఆ దూదిని ముక్కలుగా కోసి, చెత్త ట్రాక్టర్‌లో వేశాడు. నష్టం ఎంత అని లెక్క రాసుకునేందుకు వచ్చిన సిబ్బంది ఆ రోజుకు గది ఖాళీగా ఉండడం చూచి "సామాను ఏమీ లేదు" అని రాసుకున్నారు. అతను ఇల్లు శుభ్రం చేసుకోవడమే అతని తప్పయింది!

మరొక ఇంట్లో ఒక సోదరి బట్టలు కుడుతుంది. భర్త లేడు. చవితి, ఆ వెనుకనే సెప్టెంబర్ 16న మీలాద్, ఆపైన పెళ్లిళ్లు. ఆమె దగ్గర ఆ వారం ఇతరులవి ముప్పైకి పైగా జాకెట్లు, రెండు పెళ్లి లంగాలు ఉన్నాయి. కుట్టుమిషను పోయింది, అది సరే. ఆ బట్టల సంగతి ఏమిటి? అవి ఆమెవి కావు. ఏ జాబితాలోనూ "పరుల బట్టలు" అనే గడి ఉండదు. ఇరుగుపొరుగు హిందూ స్త్రీలలో చాలామంది వదిలేశారు, ఒకామె అయితే ఎదురు చీర ఇచ్చి వెళ్లింది. ఒక కుటుంబం మాత్రం పట్టు బట్టల ఖరీదు అడిగింది. వారిని తప్పుపట్టడం ఎలా? వారి ఇల్లూ మునిగినదే. ఆమె చెవి కమ్మలు అమ్మి ఆ బాకీ తీర్చింది.

మేడల మీద గడిచిన రోజుల గురించి పత్రికలలో చాలా వచ్చింది. హెలికాప్టర్ల నుంచి, డ్రోన్ల నుంచి పొట్లాలు జారవిడిచిన దృశ్యాలు మీరు టీవీలలో చూచారు. ఆ యంత్రాంగం పనిచేయలేదని మేము అనము. పనిచేసింది, పెద్ద రోడ్డుకు దగ్గరగా ఉన్నవారికి బాగా పనిచేసింది. గల్లీ లోపలికి పడవ రావాలంటే కరెంటు తీగలు అడ్డం, ఆగిన కార్లు అడ్డం. కొందరు ప్రైవేటు పడవవాళ్లు మనిషికి ఇంత అని వసూలు చేశారు. టీవీలో రానిది ఒకటి చెప్పాలి. ఒక మేడ మీద నలభై మంది, నాలుగు రోజులు, మరుగుదొడ్డి లేదు. మగవారు ఎలాగో గడుపుకున్నారు. ఆడవారు నీళ్లు తాగడం మానేశారు. చుట్టూ నీరు, చేతిలో మంచినీళ్ల సీసా ఉన్నా తాగరు, ఎందుకంటే చీకటి పడేదాకా ఆపుకోవాలి. నెలసరిలో ఉన్నవారి బాధ ఏ పొట్లంలోనూ తీరలేదు. మొదటి రెండు రోజులూ మా పొట్లాలలో కూడా ఆ వస్తువులు లేవు. మూడవ రోజు మా వెంట వచ్చిన ఒక సోదరి మమ్మల్ని నిలదీసి అడిగితే గాని మాకు తోచలేదు. ఇది మా తప్పుగా ఇక్కడ ఒప్పుకుంటున్నాము.

ఇద్దత్‌లో ఉన్న ఒక వితంతువు నీరు నడుము వరకు వచ్చినా గడప దాటనని కూర్చుంది. కొడుకు కాళ్లు పట్టుకున్నా కదలలేదు. చివరికి మేడ మీది నుంచి ఒక ముసలావిడ కేకలు వేసి, ప్రాణాపాయంలో ఇల్లు మారవచ్చని ధర్మమే అనుమతి ఇచ్చిందని చెప్పి పైకి రప్పించింది. ఈ మాట మన ఆలిములు జుమా ప్రసంగాలలో వానాకాలానికి ముందే చెప్పవలసినది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. సెప్టెంబర్ 17న ప్రభుత్వం సహాయం ప్రకటించింది. మునిగిన నేల అంతస్తు ఇంటికి 25 వేల రూపాయలు, పై అంతస్తు వారికి 10 వేలు, చిన్న దుకాణాలకు 25 వేలు, ఆటోకు 10 వేలు, ద్విచక్ర వాహనానికి 3 వేలు. అంతకుముందే ఇంటికి 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, చక్కెర, ఉల్లి, బంగాళాదుంపలు ఇచ్చారు. అగ్నిమాపక వాహనాలతో ఇళ్లు కడిగారు. ఇవన్నీ జరిగాయి. జరిగినదాన్ని జరిగిందని చెప్పకపోతే జరగనిదాన్ని అడిగే అర్హత మనకు ఉండదు.

జరగనిది ఏమిటి? మేము దరఖాస్తులు రాసిన ఇళ్లలో పదే పదే ఎదురైనవి ఇవే. అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేసి బంధువుల ఇంటికి వెళ్లిన రోజున లెక్క తీశారు. తాళం చూచి వెనుదిరిగారు. ఒకే ఇంట్లో మూడు గదులలో ముగ్గురు అన్నదమ్ములు వేరు వేరు పొయ్యిలు పెట్టుకుని ఉంటారు, రేషన్ కార్డు మాత్రం తల్లి పేరున ఒకటే. ఆ మూడు సంసారాలకు ఒకే సహాయం. కొందరికి ఆధార్‌లో పాత ఊరి చిరునామా, అది తిరువూరు కావచ్చు, గంపలగూడెం కావచ్చు. కొందరి పేరు జాబితాలో ఉంది, డబ్బు మాత్రం ఏళ్ల తరబడి వాడని ఏదో ఖాతాకు వెళ్లి తిరిగి వచ్చింది. ఒక కాగితంలో షేక్ అని, మరొక దానిలో ఎస్.కె. అని, ఇంకొక దానిలో ఇంటిపేరే లేకుండా ఉన్న పేర్ల చిక్కు మన ఇళ్లలో ఎలాగూ ఉన్నదే. మన ఆడపిల్లలకు పెళ్లికి ముందు ఒక పేరు, తరువాత మరొక పేరు. కంప్యూటర్ ఈ ఇద్దరూ ఒకరే అని ఒప్పుకోదు.

వీటిలో దురుద్దేశం ఎంత, అలసత్వం ఎంత అని మమ్మల్ని యువకులు అడుగుతూ ఉంటారు. మేము చూచినంతలో అధిక భాగం అలసత్వమే, తొందరపాటే. మునిగినవాడు ఏ మతస్థుడైనా ఇవే చిక్కులు పడ్డాడు. కాని అద్దె ఇళ్లలో ఉండేవారు, కాగితాలు సరిగా లేనివారు ఎవరిలో ఎక్కువగా ఉన్నారో ఆలోచిస్తే, వివక్ష అనే మాట ఎవరూ ఉచ్చరించకుండానే ఫలితం ఎక్కడికి చేరుతుందో తెలుస్తుంది.

మన దగ్గర చట్టం ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 12వ సెక్షన్ బాధితులకు కనీస ప్రమాణాలతో నివాసం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యం అందాలని, వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలని చెబుతోంది. 61వ సెక్షన్ అయితే పరిహారంలో, సహాయంలో లింగం, కులం, వర్గం, వంశం, మతం కారణంగా వివక్ష ఉండరాదని స్పష్టంగా నిషేధిస్తోంది. ఈ రెండు సెక్షన్ల నంబర్లు ప్రతి మస్జిద్ కమిటీ కార్యదర్శికి కంఠస్థంగా ఉండాలని మా కోరిక. నంబరు వేసి రాసిన అర్జీని చూచే తీరు వేరుగా ఉంటుంది. ఇది మా అనుభవం. సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నెల గడిచినా బదులు రాకపోతే, ఆ అర్జీ ఏ బల్ల మీద ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజులలో జవాబు చెప్పవలసిన బాధ్యత వారిది. మేము కుట్టుపని సోదరి విషయంలో ఇలాగే చేశాము. ఆమె ఇంటి సహాయం జనవరిలో వచ్చింది. పెళ్లి లంగాల డబ్బు రాలేదు, అది వచ్చేది కాదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి పొంచి ఉంది. వరద తగ్గీ తగ్గకముందే బుడమేరు ఆక్రమణల మాట మొదలైంది. ఆపరేషన్ బుడమేరు అన్నారు. వాగుకు దారి ఇవ్వాలి, అందులో మాకు భిన్నాభిప్రాయం లేదు; దారి ఇవ్వకపోతే మళ్లీ మునిగేది మనమే. కాని ఎవరు ఆక్రమణదారులు? వాంబే కాలనీ అంటే వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన, 2001లో ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం కింద పేదలకు ప్రభుత్వమే కట్టిచ్చిన ఇళ్లు. పన్ను కట్టించుకున్నారు, కరెంటు ఇచ్చారు, ఓట్లు వేయించుకున్నారు. వరద రాగానే వారు వాగులో ఇల్లు కట్టుకున్న నేరస్థులైనట్టు మాట్లాడేవారిని మేము బజారులో విన్నాము. బాగా డబ్బున్న లేఔట్ల సంగతి ఆ మాటలలో వినబడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతల మీద తీర్పు ఇచ్చింది. 15 రోజుల ముందు నోటీసు లేకుండా కూల్చరాదన్నది. మన వాళ్లు మిఠాయిలు పంచుకున్నారు. తీర్పు పూర్తిగా చదివినవారు తక్కువ. రోడ్డు, వీధి, కాలిబాట, రైలుమార్గం పక్కన, నదులూ నీటి వనరుల వద్ద ఉన్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అందులోనే ఉంది. వాగు ఒడ్డున ఉన్న పేదకు ఆ తీర్పు గొడుగు కాదు. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమని అదే కోర్టు చెప్పింది గాని, నోటీసు ఇచ్చి తొలగించవచ్చని కూడా చెప్పింది. కనుక మన వాదన "తొలగించకండి" అన్నచోట ఆగిపోతే నిలవదు. ముందు హద్దులు బహిరంగంగా కొలవండి, ఎవరి ఇల్లు హద్దులో ఉందో ప్రకటించండి, పిల్లల బడికి, మగవాడి ఆటో స్టాండుకు అందుబాటులో ఉన్న చోట ఇల్లు ఇచ్చి అప్పుడు ఖాళీ చేయించండి, అద్దెకున్నవారిని కూడా లెక్కలోకి తీసుకోండి, ఇలా అడగాలి. కాగితాలు ముందే సిద్ధంగా ఉన్నవారు మాత్రమే ఇలా అడగగలరు.

సెప్టెంబర్ 1న మనకు మరోవైపున ఖమ్మంలో ఏమి జరిగిందో కూడా చెప్పుకోవాలి. మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. గంటలు గడిచాయి. హర్యానా నుంచి బతుకుతెరువుకు వచ్చిన జేసీబీ డ్రైవర్ సుభాన్ ఖాన్ తన యంత్రాన్ని వరదలోకి నడిపించి ఆ తొమ్మిది మందినీ వెనక్కు తెచ్చాడు. దేశమంతా మెచ్చుకుంది, మన గుండెలూ ఉప్పొంగాయి. అయితే మాకు ఒక సంకోచం ఉంది. ఆ ఫోటోను మన యువకులు నెల రోజుల పాటు ఫోన్లలో తిప్పుతూ, చూడండి మేము ఎంత మంచివారమో అన్నట్టుగా మాట్లాడారు. సహాయం పొందే హక్కుకు మంచితనం రుజువు చేసుకోవలసిన పని లేదు. సుభాన్ ఖాన్ కూడా ఎవరికీ ఏమీ రుజువు చేయడానికి వెళ్లినట్టు మాకు అనిపించదు. మనుషులు కనబడ్డారు, వెళ్లాడు.

మన లోపల చూచుకోవలసినవి ఉన్నాయి. మస్జిద్ ఆవరణలో సరుకులు పంచినప్పుడు ఎవరికి అందాయి? నీటిలో నడిచి రాగలిగిన మగవారికి. మంచాన పడిన ముసలివారికి, పసిబిడ్డల తల్లులకు మూడవ రోజుకు గాని చేరలేదు. పక్క వీధి క్రైస్తవ కుటుంబం వస్తే ముందు మనవారికి అని ఒకరు అడ్డుపడ్డారు. ఇమామ్ సాబ్ మందలించి వారికి ముందు ఇప్పించారు. పంపిణీ ఫోటోలలో తమ ముఖం పడాలని తోసుకున్నవారినీ చూచాము. కమిటీ దగ్గర చందాలు ఇచ్చేవారి పుస్తకం ఉంది గాని, పేటలో అద్దెకున్న ఇళ్లెన్ని, వితంతువులు ఎందరు, డయాలసిస్‌కు పోయేవారు ఎందరు అన్న పుస్తకం లేదు. రంజాన్‌లో జకాత్ అంతా ఆ నెలలోనే పంచి ఊపిరి పీల్చుకుంటాము. సెప్టెంబర్‌లో బైతుల్‌మాల్‌లో మిగిలేది ఏమీ ఉండదు. మునిగిన ఆటో బాగుచేయించడానికి ప్రభుత్వం ఇచ్చిన 10 వేలు చాలక, డైలీ ఫైనాన్స్ వాడి దగ్గర అప్పు చేసిన తమ్ముళ్లు ఈనాటికీ రోజూ సాయంత్రం ఆ కిస్తీ కడుతున్నారు. నాలుగు వేలో, ఐదు వేలో కర్జె హసనా ఇవ్వగలిగితే వారు ఆ గుమ్మం తొక్కేవారు కారు.

తిరువూరు ఎత్తున ఉంది, మనకు బుడమేరు లేదు అని ఒకరు ఇందాక అన్నారు. నిజమే. కాని మన నగర పంచాయతీలోని పల్లపు వీధులలో కాలువ పొంగి ఇళ్లలోకి వచ్చే నీటిని ఎవరు లెక్కపెడుతున్నారు? కట్టలేరు పొంగితే గంపలగూడెం దారి తెగి పని పోయేవారి కూలిని ఎవరు ఇస్తున్నారు? పైగా బెజవాడలో మునిగిన ఇళ్లలో ఎన్నో మన ఊరి పిల్లలవే. వారి ఆధార్ కార్డులు ఇక్కడ ఉన్నాయి, వారి కాపురాలు అక్కడ. ఈ వేసవిలోనే ఆ చిరునామాలు మార్పించండి. అద్దెకున్నవారు యజమాని చేత ఒక చిన్న ఒప్పంద పత్రం రాయించుకోండి, రాయకపోతే గ్యాస్ బుక్కు, బడి రసీదు, కరెంటు బిల్లు దాచుకోండి. అన్నదమ్ములు పొయ్యి వేరైతే కార్డు కూడా వేరు చేసుకోండి. అమ్మ మనసు నొచ్చుకుంటుందని ఆగకండి, అమ్మకు చెప్పి చేయండి. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి అటక మీద ఉంచండి. ఇంట్లో సామానును, పనిముట్లను ఫోనులో ఒక్కసారి ఫోటో తీసి బంధువుల ఫోనుకు పంపి ఉంచండి. దూది బేళ్ల ఫోటో ఒక్కటి ఉండి ఉంటే ఆ పెద్దాయన అర్జీ రెండుసార్లు తిరిగి వచ్చి ఉండేది కాదు.

ఆయన ఇప్పుడు దూది పని చేయడం లేదు. ఒక లాడ్జిలో రాత్రి కాపలాకు వెళుతున్నాడు. ఆయన మూడవ అర్జీ నకలు మా సంచిలో ఉంది. వచ్చే సోమవారం మళ్లీ ఇవ్వబోతున్నాము.

వరండాలో బల్ల మీద ఇంటి వివరాల పత్రాలు ఉన్నాయి. చదవడం రానివారికి మన అమ్మాయిలు ఇద్దరు, డిగ్రీ చదువుతున్నవారు, రాసిపెడతారు. ఆడవారికి వేరే బల్ల, వెనుక గది వైపు ఉంది. ఇషా నమాజు తరువాత కూడా వారు ఉంటారు, తొందర లేదు. పక్కింటివారు రాలేకపోయి ఉంటే వారి కోసం ఒక పత్రం తీసుకువెళ్లండి, వారు ఏ మతస్థులైనా సరే.